కాళ్ళు చాపుకున్న ఎల్

ముందుగా ఒక మనవి. ఈ రాతలో తప్పులుంటాయి, మన్నించాలి. ఒత్తులు జారిపోతుంటాయి, ‘ళ’ పడవలసిన చోట ‘ల’ పడుతుంది. నలభై ఐదేళ్ళకు పలక పట్టిన చెయ్యి నాది. ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. ఈ కథకు రెండు నెలలు పట్టింది. అచ్చువేసేవారు దిద్దుకోవాలి. అయితే నిదానంగా చదివేవాళ్ళతో కూడా లోకానికి అప్పుడప్పుడు పని పడుతుంది. ఇది అట్లాంటి ఒక రోజు సంగతి.

మద్రాసు షావుకారుపేటలో నాగలింగం శెట్టిగారికి ఎండుమిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం ఉండేది. ఎనభై ఐదులో ఎవరో ఆయనతో, ఇకమీదట లోకమంతా కంప్యూటరే అన్నారు. ఆయన నమ్మారు. మేడ మీద నాలుగు చిన్న మిషన్లు పెట్టి కంపెనీ బోర్డు కట్టి, బావమరిది గోపాలస్వామిని మేనేజరుగా కూర్చోబెట్టారు. కంప్యూటర్ గురించి గోపాలస్వామికి తెలిసింది ఒక్కటే: దాని గదిలోకి పోయేముందు చెప్పులు విడవాలి. ఆ ఒక్కటీ అందరికీ చెప్పుకుంటూ మూడేళ్ళు ఉద్యోగం చేశాడు.

ఆఫీసు ఊడ్చి, తుడిచి, కాఫీలు అందించే మనిషి పేరు మంగ. వ్యాసర్పాడి నుంచి వచ్చేది. మొగుడు రైల్వే యార్డులో పనిచేసేవాడు, చనిపోయాడు. ఆమె మూడేళ్ళుగా టెంపరరీ. టెంపరరీ అంటే, పొద్దున ఎవరికైనా కాఫీ చల్లగా తగిలితే సాయంత్రం ఇంటికి పంపేయవచ్చని అర్థం. పర్మనెంట్ చేయమని ఏడాది కిందట ఎవరితోనో అర్జీ రాయించుకుని, కింద బొటనవేలు ముద్ర వేసి గోపాలస్వామి చేతికిచ్చింది. ఎప్పుడు అడిగినా ఆయన “పైకి పంపించినా గదా” అనేవాడు. పైన అంటే శెట్టిగారి గది. మధ్యలో ఉన్నవి ఇరవై రెండు మెట్లు. ఏడాదిగా ఆ కాగితం ఎక్కుతూనే ఉంది.

ముద్ర వేసిన రోజు వేలికంటిన సిరా రెండు రోజులు పోలేదు. మూడో రోజు మంగ వ్యాసర్పాడిలో కోకిల టీచరు నడిపే సాయంత్రం బడికి పోయి కూర్చుంది. తెలుగు వచ్చాక ఇంగ్లీషు అక్షరాలు మొదలయ్యాయి. అక్కడ మంగకు ఒక సంగతి నచ్చలేదు. మన అక్షరం ఎక్కడ రాసినా ఒకటే. ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. వాళ్ళకు అక్షరాల్లో కూడా యజమాని, కూలీ ఉంటారని ఆమె అర్థం చేసుకుంది. పెద్ద ‘ఎల్’ను చూస్తే గోడకానుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్న యజమాని. చిన్న ‘ఎల్’ చేతులు కట్టుకుని నిలబడ్డ కూలీ. ‘డీ’కి బొజ్జ ఉంటుంది, ‘బీ’కి రెండు బొజ్జలు. అట్లా గుర్తుపెట్టుకుంది. ఒకరి చోట ఇంకొకరిని రాస్తే కోకిల టీచరు పలక చెరిపించి పదిసార్లు రాయించేది. కాబట్టి మంగకు ఆ తేడా చేతి నొప్పితో తెలుసు.

ఎనభై ఎనిమిదిలో ఒక శుక్రవారం పొద్దున అందరికీ ఒక్కో ఏర్పాటు ఉంది. హార్బరు దగ్గరి లారీ కంపెనీకి శెట్టిగారి కంపెనీ ఒక ప్రోగ్రాం రాసిచ్చింది. ఏ లారీ ఎక్కడుందో, అందులో ఏం సరుకుందో చెప్పే ప్రోగ్రాం. లారీ కంపెనీవారు తమ సొంత పెద్ద మిషనును ముందే పంపించారు. దాన్ని కింద పాత మిరపకాయల గోడౌన్‌కు ఏసీ పెట్టించి అందులో ఉంచారు. సాయంత్రం నాలుగింటికి వాళ్ళ మేనేజరు మోసెస్‌గారు వచ్చి చూస్తారు. శెట్టిగారి ఏర్పాటు పూలమాల. గోపాలస్వామి ఏర్పాటు, మాల పడేటప్పుడు పక్కన నిలబడటం. ప్రోగ్రాం రాసిన వరదరాజులు ఏర్పాటు, మేడ మీది చిన్న మిషను నుంచి ఫ్లాపీల్లో ఎత్తి కింద పెద్ద మిషనులో పెట్టడం. పది నిమిషాల పని అన్నాడు. మంగ ఏర్పాటు, అంతా బాగా జరిగి శెట్టిగారు నవ్వుతున్నప్పుడు తన అర్జీ సంగతి నేరుగా ఆయన్నే అడగటం.

ప్రోగ్రాం అంటే ఒక్క ముక్క కాదు. అది చాలా ఫైళ్ళు. ఒక ఫైలు ఇంకొకదాన్ని పేరు పెట్టి పిలుస్తుంది, పిలిచినప్పుడు అది రావాలి. అన్నీ వస్తే మిషను వాటిని కలిపి ఒకటిగా కుడుతుంది. ఆ కుట్టడాన్ని బిల్డ్ అంటారు. మేడ మీద నెల రోజులుగా రోజూ బిల్డ్ అవుతోంది. కింద పదిన్నరకు వరదరాజులు మీట నొక్కితే, లారీ ఫైలు దొరకలేదు అని రాసి పెద్ద మిషను ఆగిపోయింది.

వరదరాజులు మళ్ళీ ఎత్తి పెట్టాడు. దొరకలేదంది. కొత్త ఫ్లాపీ తీసుకున్నాడు. దొరకలేదంది. పైకి పోయి చూస్తే అక్కడ చక్కగా నడుస్తోంది. పెద్ద చదువు చదివినవాళ్ళకు ఇటువంటప్పుడు ఒక పద్ధతి ఉంటుంది. చేసిన పనినే మళ్ళీ చేస్తారు, ఈసారి మొహం ఇంకొంచెం సీరియస్‌గా పెట్టి. నాలుగోసారి కూడా కాకపోయేసరికి మిషను అమ్మినవారి ఇంజినీరుకు ఫోను చేశాడు.

“లారీ ఫైలు లేదంటా ఉండాది సార్. పొద్దున నా చేతుల్తో పెట్టినా. ఎవురో ఎత్తుకోనిపోయినట్టు లేదంటా ఉండాది.”

ఇంజినీరు అవతల నుంచి దుమ్మేమో అన్నాడు. ఓల్టేజీ కూడా చూడమన్నాడు. అతనికి ఆ రెండే తెలుసు. కానీ ఆ సమయంలో గోపాలస్వామి చెప్పులు విడిచి అద్దాల తలుపు తోస్తున్నాడు. అతనికి లారీ ఫైలు లేదు, ఎవరో ఎత్తుకుపోయారు, అన్నంతవరకే వినబడింది. గోపాలస్వామికి తెలిసిన ఫైలు ఒక్కటే. అట్ట, రెండు చిల్లులు, ఒక ట్యాగు.

“ఆ ఫైలు లేకుంటే పని జరగదా?” అని అడిగాడు.

“జరగదు సార్. మిగతావంతా దాన్ని పట్టుకోనే నడవాల,” అన్నాడు వరదరాజులు, తెర వైపు నుంచి తల తిప్పకుండా.

ఇద్దరూ ఒకే మాట మాట్లాడుకున్నారు, రెండు వస్తువుల గురించి. ఏ ఫైలు అని ఈయన అడగలేదు, ఎందుకడుగుతున్నారని అతను అడగలేదు. ఒకరికి తెలియదని ఇంకొకరికి తెలియకూడదు గదా. ఆఫీసు మర్యాద అంటే అదే.

గోపాలస్వామి బుర్ర చురుగ్గా పనిచేసేది తప్పు ఎవరిమీద పెట్టాలా అన్నప్పుడే. లారీ కంపెనీవాళ్ళు వస్తున్నారని బుధవారం అతను తన బీరువా ఖాళీ చేయించాడు. మూడు మూటల కాగితాలు పాత పేపర్లు కొనే అమ్మాసి కొట్టుకు పోయాయి. ఫైలు అందులో పోయింది. మూటలు మోసింది మంగ. తీర్పు అయిపోయింది.

“మంగా, ఈడ రా. బుధవారం బీరువా ఎవురు తుడిచింది?”

“నేనే అయ్యా. మీరు కట్టిపెట్టిన మూటలు అమ్మాసి బండికి ఎత్తిచ్చినా.”

“దాంట్లోనే లారీ ఫైలు పోయిండాది.”

“మూటలు కట్టింది మీరు గదయ్యా?”

“చదువురానిదాన్ని బీరువా కాడికి పంపితే ఇట్లే అవుతాది,” అన్నాడు గోపాలస్వామి. మూటలు కట్టింది ఎవరు అన్న ప్రశ్న అక్కడితో మాయమైంది.

ఇంతలో వరదరాజులు ఓల్టేజీ సంగతి పట్టుకున్నాడు. పెద్ద మిషనుకు కరెంటు చాలడం లేదని మేడంతా లైట్లు, ఫ్యాన్లు ఆర్పించాడు. లారీ ఫైలు అప్పటికీ దొరకలేదు గానీ, చొక్కా విప్పి ఫ్యాను కింద పడుకుని ఉన్న శెట్టిగారు మాత్రం దొరికారు. చెమటలు కారుతూ, తువ్వాలు భుజాన వేసుకుని దిగివచ్చారు. నా ఫ్యాను ఎవరు ఆర్పారు అని అడగడానికే వచ్చారాయన. గోపాలస్వామి ఆయనకు దొంగ దొరికిందని చెప్పాడు. ఫైలును తానే పోయి అమ్మాసి కొట్టు నుంచి పట్టుకొస్తానని, తాను వచ్చేదాకా మంగను కదలనివ్వవద్దని అన్నాడు.

శెట్టిగారు మంగను ఒక్క మాట కూడా అడగలేదు. మిరపకాయల మూట చెడిందంటే అన్ని కాయలూ విప్పి చూస్తారు. మనిషి విషయంలో అంత శ్రమ పడరు.

“నాలుగింటికి పని నడవకుంటే, రేపట్నించి నువ్వు రానక్కర్లేదు,” అన్నారు.

మంగను పెద్ద మిషను గదిలో ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. వరదరాజులు కాపలా. గోపాలస్వామి ఆటో పిలిపించుకుని దొంగను పట్టినవాడిలా వెళ్ళాడు.

ఆ గదిలో కూర్చోవడం సుఖం కాదు. ఏసీ పెట్టినా, సున్నం కొట్టినా గోడల్లోంచి మిరపకాయ ఘాటు పోలేదు. చల్లగాలి దాన్ని నిదానంగా ముక్కుకు అందిస్తుంది. వరదరాజులు రెండు వాక్యాలకొకసారి తుమ్ముతున్నాడు. మంగ చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, రేపటి నుంచి ఎక్కడ పని వెతకాలా అని ఆలోచిస్తోంది. ఎవరింట్లోనైనా అంట్లు తోమవచ్చు. కానీ దొంగ అన్న పేరు ఆమె కంటే ముందే ఆ ఇంటికి చేరుతుంది. షావుకారుపేటలో ఉత్తరాలు ఆలస్యమవుతాయి గానీ చాడీలు కావు.

వరదరాజులు రెండు పొడుగు కాగితాలు అచ్చుతీశాడు. ఒకదాంట్లో ప్రోగ్రాం పిలుస్తున్న ఫైళ్ళ పేర్లు. ఇంకొకదాంట్లో అదే మిషను కడుపులో ఉన్న ఫైళ్ళ జాబితా. రెండూ ఒకసారి పైనుంచి కిందికి చూశాడు, అన్నీ ఉన్నాయి గదా అన్నాడు, టేబులు మీద చోటు లేక రెండింటినీ మంగ చేతుల్లో పెట్టి, పట్టుకో అన్నాడు.

ఆమె పట్టుకుంది. కొంతసేపు ఊరికే పట్టుకుంది. తర్వాత చెయ్యడానికి వేరే పనిలేక చదవటం మొదలుపెట్టింది. మంగ చదవడమంటే చూపుడు వేలు అక్షరం కింద పెట్టి, దాన్ని గుర్తుపట్టి, పెదాలతో పలికి, తర్వాతిదానికి పోవడం. ఎడమ కాగితంలో మొదటి పేరు: కాళ్ళు చాపుకుని కూర్చున్న యజమాని, తర్వాత గుండ్రం. లారీ. అది చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. కుడి కాగితంలో: నిలబడ్డ కూలీ, తర్వాత గుండ్రం. ఇది కూడా లారీయే. ఆమె మళ్ళీ ఎడమ కాగితానికి వచ్చింది. కోకిల టీచరైతే పలక చెరిపించి ఉండేది.

“తంబీ,” అంది మంగ. “ఈ కాగితంలో కాళ్ళు చాపుకోని కూచోనుండాడు. ఆ కాగితంలో నిలబడుండాడు. ఇద్దరూ ఒకడేనా?”

“ఎవురు?”

“ఎల్లు.”

వరదరాజులు చూశాడు. నవ్వాడు, తుమ్మాడు. “పెద్ద ఎల్లు, చిన్న ఎల్లు. రెండూ ఒకటేలే అక్కా. లారీ ఎట్ల రాసినా లారీనే.”

“పైన మిషనుకు ఒకటే. ఈ మిషనును అడిగినారా?”

ఇటువంటి ప్రశ్నకు చదువుకున్నవాళ్ళు వెంటనే జవాబు చెప్పరు. చెబితే ఒప్పుకున్నట్టవుతుంది. వరదరాజులు టీ తాగాడు. ఫ్లాపీని ఐదోసారి ఎత్తి పెట్టాడు. మంగ వైపు వీపు పెట్టి కూర్చుని, ఎవరికీ కనబడకుండా ఒక్క అక్షరం మార్చి మీట నొక్కాడు. పెద్ద మిషను ఈసారి లారీ దొరకలేదని అనలేదు. డ్రైవరు దొరకలేదంది.

అతను ఇటు తిరిగాడు. మంగ స్టూలును తన కుర్చీ పక్కకు లాగాడు.

“పైన డాస్ అక్కా, ఈడ యూనిక్స్. ఆపరేటింగ్ సిస్టమే వేరే. దానికి పెద్దా చిన్నా అంతా ఒకటే. దీనికి అట్ల కాదు. పుస్తకంలో ఉండాది.”

“మీరు చదవలేదా?”

“చదివినా. ఫాస్ట్‌గా చదివినా.”

“పెద్ద మిషను గదా,” అంది మంగ. “యజమానిని, కూలీని కలిపి కూచోబెట్టదు.”

పేర్లు అందంగా ఉంటాయని వరదరాజులు ప్రోగ్రాంలో ప్రతి ఫైలునూ పెద్దక్షరంతో పిలిచాడు. ఫ్లాపీ నుంచి దిగేటప్పుడు మాత్రం ఫైళ్ళన్నీ చిన్నక్షరాలతో దిగాయి. యజమానిని పిలిస్తే కూలీ ఎట్లా పలుకుతాడు? పలకడు. అట్లాంటివి పద్నాలుగున్నాయి. మంగ కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్కరినీ చూపించింది: బొజ్జవాడు, రెండు బొజ్జలవాడు. వరదరాజులు ఒక్కొక్కరినీ లేపి నిలబెట్టాడు. అతను తొందరపడి ఒకటి దాటిపోతే ఆమె వెనక్కు పిలిచింది. మూడూ ముప్పావుకు మిషను ఏమీ అనకుండా పద్నాలుగింటినీ కలిపి కుట్టేసింది.

నాలుగింటికి మోసెస్‌గారు వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో తోలు సంచి, తక్కువ మాటల మనిషి. హార్బరులో దిగిన ఒక లారీ నంబరు చెప్పారు. మిషను దాని డ్రైవరు పేరుతో సహా చెప్పింది. శెట్టిగారు మాల వేశారు. పొద్దున ఏదో ఇబ్బంది వచ్చిందని విన్నానే అని మోసెస్‌గారు అడిగితే, ఆపరేటింగ్ సిస్టముల మధ్య లోతైన తేడా ఉండిందని, ఐదు గంటలు పరిశోధన చేసి తాను సరిచేశానని వరదరాజులు చెప్పాడు. మంగ కాఫీ అందిస్తోంది. అతను గ్లాసు తీసుకుంటూ ఆమె కళ్ళలోకి చూడలేదు. అంత సిగ్గు ఉంది, అదొక్కటి చెప్పుకోవాలి.

సరిగ్గా అప్పుడు వాకిట్లో మూడు చక్రాల బండి ఆగింది. దాని మీద మూడు కాదు, పదకొండు మూటలు. అమ్మాసి కొట్టులో అప్పటికే పది కొట్ల కాగితాలు కలిపి కుట్టేశారట. మీ మూడు మూటలు ఏవో మీరే చెప్పండి అన్నాడట అమ్మాసి. చెప్పలేక గోపాలస్వామి అన్నీ కొన్నాడు. ఆటో డబ్బులు కూడా వాటికే పోవడంతో కాగితాల పైన కూర్చుని వచ్చాడు. పక్కన అమ్మాసి బండి తొక్కుతున్నాడు. గోపాలస్వామి దిగి, మాల వేసుకుని ఉన్న అతిథి ముందుకు వచ్చి, దొంగ దొరికింది, మీ లారీ ఫైలు ఇందులోనే ఉంది, అని ప్రకటించాడు. ఎవరూ ఏమీ అనకముందే మొదటి మూట కోసి నేల మీద కుమ్మరించాడు. తర్వాత రెండోది.

రెండో మూటలో పైకి వచ్చినవి పొడుగు కవర్లు, మూడు, అంచు చింపనివి. మోసెస్‌గారు వంగి ఒకటి తీసుకున్నారు.

“ఇది మేము రాసిందే గదా,” అన్నారు. “తెరవనే లేదు.”

ఆయనే తెరిచి చదివారు. మా మిషను వేరే రకం, అది పెద్దక్షరాన్నీ చిన్నక్షరాన్నీ వేరుగా చూస్తుంది, ఫైళ్ళ పేర్లలో జాగ్రత్త, ఒక నెల ముందే మా మిషను మీద బిల్డ్ చేసి చూసుకోండి అని ఉంది. మూడు ఉత్తరాల్లోనూ అదే ఉంది. మూడోదాంట్లో కింద గీత గీసి ఉంది. ఆ రోజు కావలసింది ఆ మూటల్లోనే ఉందని గోపాలస్వామి పొద్దున్నే చెప్పాడు. అతని ఉద్యోగ జీవితంలో నిజమైన మాట అదొక్కటే, దాన్ని కూడా తెలియక చెప్పాడు.

వీటిని పాత పేపర్లకు ఎవరు వేశారు అని శెట్టిగారు అడిగారు. గోపాలస్వామి మంగ వైపు చూశాడు. అమ్మాసి నడుముకు దోపుకున్న చీటీ తీసి శెట్టిగారికిచ్చాడు. మూడు మూటలు, పనికిరాని కాగితాలు, ఇట్లు గోపాలస్వామి అని పెద్దక్షరాలతో ఉంది.

శెట్టిగారు చీటీ మడుస్తూ కింద చూశారు. చెప్పు కింద ఇంకొక కాగితం ఉంది. దాని అడుగున నీలంగా ఒక బొటనవేలు ముద్ర. ఎత్తి చదివారు. ఇరవై రెండు మెట్లు ఎక్కలేని అర్జీ, మూడు చక్రాల బండి ఎక్కి ఆయన చేతికి చేరింది.

“ఎప్పుడిచ్చినావు దీన్ని?” అని మంగను అడిగారు. ఆ రోజు ఆయన ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది.

“పోయిన సంవత్సరం. పైకి పంపిచ్చినామన్నారు.”

మోసెస్‌గారు పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన లేకపోతే ఏమయ్యేదో చెప్పలేము. పరాయివాడు చూస్తున్నప్పుడు యజమానులకు న్యాయం తొందరగా తోస్తుంది. అక్కడే, అప్పుడే పర్మనెంట్ ఆర్డరు టైపు చేయమన్నారు శెట్టిగారు. బావమరిదిని మాత్రం ఏమీ అనలేదు. ఇంటికి పోయి భోజనం చెయ్యాలి గదా. తొమ్మిది మూటలు విప్పకుండానే అమ్మాసి బండి మీద తిరిగి వెళ్ళాయి. ఈసారి తూకానికి ఎంత ఇచ్చాడో అతను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆర్డరు గోపాలస్వామే టైపు చేయించి తెచ్చాడు. ఇంకు ప్యాడు కూడా తెచ్చాడు. మూత తీసి, బల్ల మీద పెట్టి, వేలు చాపమన్నట్టు చూశాడు.

మంగ వేలు చాపలేదు. ముందు ఆర్డరు చదివింది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, వేలు పెట్టి. శెట్టిగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. తర్వాత గోపాలస్వామి జేబులోంచి ఆమే పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. ఒక పెద్దక్షరం, నాలుగు చిన్నక్షరాలు, ఏదీ తప్పు పోలేదు. ఆ పైన ప్యాడు మూత మూసి అతని వైపు జరిపింది.

“ఇది మీ కాడే పెట్టుకోండయ్యా,” అంది. “కాగితం చదవనోళ్ళకే గదా ఇది.”

మంగ
వయసు డెబ్బై నాలుగు
ఇప్పుడుండేది కొడుంగయ్యూరు, మద్రాసు